లెక్కలో దొరికిన బావి

“ముసలాడు నేరం ఒప్పుకుంటూ సంతకం పెట్టేస్తాడు. నువ్వు అడ్డం రాకపోతే చాలు,” అన్నాడు ఫేదొనాస్.

నాఫ్‌ప్లియో పోలీస్ స్టేషన్లో పనిచేసే ఏసీ ఒక్కటే. అది ఉన్న గదిని ఫేదొనాస్ వచ్చిన రోజే ఆక్రమించుకున్నాడు. టీవీ వాళ్ళు ఈ కేసుకు ‘ఉప్పు హత్య’ అని పేరు పెట్టాక పైవాళ్ళు అతన్ని ఏథెన్స్ నుంచి పంపారు. దిగిన రోజే హంతకుణ్ణి పట్టుకున్నాడు. అంత సులువుగా పట్టుకోవడమే ఆర్గీరిస్‌కు మింగుడు పడలేదు. ఆర్గీరిస్ ఈ జిల్లాలోనే పుట్టి ఇక్కడే ఇన్‌స్పెక్టరైనవాడు. ఇక్కడి రైతులు ఎంత తిట్టుకుంటారో, ఎంత తక్కువగా కొట్టుకుంటారో అతనికి తెలుసు.

“నేను ఒకసారి మాట్లాడతాను,” అన్నాడు.

“మాట్లాడుకో. సాయంత్రం ఆరింటికి ప్రాసిక్యూటరు వస్తాడు. ఆలోగా నీ కబుర్లు అయిపోవాలి.”

అరెస్టయిన స్తాయికోస్‌కు డెబ్బై దాటాయి. కాతో వ్రీసి ఊళ్ళో నారింజ తోట ఉంది. పక్క తోట లాంబిస్‌ది. గత మంగళవారం లాంబిస్ శవం అతని సొంత బావిలోనే తేలింది. తల వెనక దెబ్బ. ఒక కాలికి బూటు లేదు. ఈతగాళ్ళను దింపి బావి అడుగంతా గాలించినా ఆ బూటు దొరకలేదు. వేసవి మొదలైన దగ్గర నుంచీ ఆ బావి నీళ్ళు ఉప్పెక్కి చెట్లు మాడిపోతున్నాయి. స్తాయికోసే బావిలో ఉప్పు పోశాడని లాంబిస్ ఊరి కాఫీ హోటల్లో అందరికీ చెప్పాడు. వారం తిరగకుండా చచ్చిపోయాడు.

ఆర్గీరిస్ కుర్చీ లాక్కుని ముసలాయన ఎదురుగా కూర్చున్నాడు.

“బాబాయ్, సోమవారం మధ్యాహ్నం ఎక్కడున్నావు?”

“నిద్రపోతున్నాను. ఆగస్టు నెలలో మూడింటికి నిద్రపోకుండా తిరిగేవాడెవడు? కుక్కలు కూడా తిరగవు.”

“చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?”

“మా ఆవిడ ఉండేది. పోయి ఆరేళ్ళయింది. కబురు పెడతావా?”

“నీ కొట్లో ఉప్పు బస్తాలు దొరికాయి.”

“ఆలివ్ కాయలు ఊరబెట్టడానికి పంచదార వెయ్యమంటావా?”

“లాంబిస్ బావిలో నువ్వు ఉప్పు పోస్తుంటే కళ్ళారా చూశానని లీనార్దోస్ చెప్పాడు.”

ముసలాయన బల్ల మీది చేతులు తీసేశాడు. “నీళ్ళ ట్యాంకర్ల లీనార్దోసా? వాడెందుకు చెప్పాడు ఆ మాట? వాడి దగ్గర మంచినీళ్ళు కొనుక్కునే బతుకుతున్నానే ఇప్పుడు. అబ్బాయ్, నేనూ లాంబిసూ గట్టు గురించి ముప్ఫై ఏళ్ళు తిట్టుకున్నాం. వాణ్ణి చంపుకుంటే రేపట్నుంచి నేను ఎవరితో పోట్లాడాలి? ఇంకో మాట విను. ఈ నెల నా బావి కూడా ఉప్పెక్కింది. అందులో కూడా నేనే పోసుకున్నానా?”

ఆర్గీరిస్ లేచాడు. అతనికి కావలసిన మాట దొరికింది.

బయట వరండాలో కల్లిర్రోయి అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. యాభై ఏళ్ళ మనిషి. యూనివర్సిటీలో గణితం చెబుతుంది. నేల కింద నీళ్ళ కదలికను సమీకరణాల్లో పెట్టి కంప్యూటరు మీద నడిపించడం ఆమె పని. ఈ మైదానంలో బావులన్నీ కొలిచింది. ఎవరెంత తోడుతున్నారో, వాన ఎంత ఇంకుతోందో, రాయి ఎక్కడ వదులుగా ఉందో అన్నీ కూర్చి ఒక గణిత నమూనా కట్టింది. సముద్రపు నీరు కాతో వ్రీసిని చేరడానికి పన్నెండేళ్ళు పడుతుందని నిరుడు సహకార సంఘం మీటింగులో చెప్పింది. ఏడాది కాకుండానే లాంబిస్ బావి ఉప్పెక్కింది. అప్పటి నుంచీ ఆ ఊళ్ళో ఆమెను చూస్తే జనం నవ్వుతున్నారు.

“నన్ను పిలిచినందుకు సంతోషం,” అంది. “వెక్కిరించడానికి కాదు కదా?”

“వెక్కిరించేవాడు లోపలున్నాడు. రండి.”

ఫేదొనాస్ ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. ఆమె చేతిలో లాప్‌టాప్, సంచిలో నీళ్ళ సీసాలు, భుజాన ఒక పెద్ద కొలటేపు చుట్ట ఉన్నాయి.

“ఈవిడేనా పన్నెండేళ్ళ జ్యోతిష్యం చెప్పింది?”

“నేనే,” అంది కల్లిర్రోయి. “ముందు ఒకటి చెప్పండి. లాంబిస్ బావిలో ఉప్పు పైనుంచి పడిందా, కిందినుంచి వచ్చిందా?”

“పైనుంచే. సాక్షి ఉన్నాడు.”

“బస్తాలో ఉండేది ఉప్పుమళ్ళలో గడ్డకట్టిన ఉప్పు. సముద్రంలో ఉప్పుతో పాటు బ్రోమైడ్ అని ఇంకో పదార్థం కూడా ఉంటుంది. ఉప్పు గడ్డకట్టేటప్పుడు అది గింజల్లోకి రాదు, నీళ్ళలోనే మిగిలిపోతుంది. కాబట్టి బస్తా ఉప్పులో అది దాదాపు ఉండదు. లాంబిస్ బావి నీళ్ళలో మాత్రం సరిగ్గా సముద్రంలో ఎంత పాలు ఉంటుందో అంత ఉంది. స్తాయికోస్ బావిలోనూ అంతే. ఈ సీసాలు తీసుకుని మీకు నమ్మకమున్న ల్యాబులో చూపించుకోండి. ఆ బావుల్లోకి వచ్చింది బస్తా కాదు. సముద్రం.”

ఫేదొనాస్ తెలివితక్కువవాడు కాదు. ఎదుటివాళ్ళ మాటలోంచే కత్తి తీయగలడు.

“సముద్రమే అనుకుందాం. పన్నెండేళ్ళ తర్వాత రావలసిన సముద్రం ఇవాళే ఎందుకొచ్చింది? మీ లెక్క తప్పన్నమాట. తప్పు లెక్క పట్టుకుని వచ్చి నా సాక్షిని అబద్ధాలకోరంటున్నారు.”

“లెక్క తప్పలేదు. లెక్కకు ఎవరో అబద్ధం చెప్పారు.”

ఆమె లాప్‌టాప్ తెరిచింది. మైదానం పటం కనబడింది. ఒక వైపు సముద్రం, ఒక వైపు కొండలు, మధ్యలో చుక్కల్లా బావులు.

“నేల కింద మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతుంటాయి. సముద్రమట్టం కంటే ఒక మీటరు ఎత్తున మంచినీళ్ళు ఉంటే, అవి కింద నలభై మీటర్ల దాకా ఉప్పునీటిని అదిమిపెట్టి ఉంచుతాయి. పైన ఆ ఒక్క మీటరు తోడేస్తే…”

“కింద నలభై మీటర్లు పైకొస్తుంది,” అన్నాడు ఆర్గీరిస్.

“కాస్త నెమ్మదిగా, కానీ వస్తుంది. ఎవరెంత తోడుతున్నారో నాకు నిజం చెబితే ఎప్పుడొస్తుందో నేను నిజం చెబుతాను. ఈ ఊళ్ళో పంపులన్నీ కలిపినా ఇంత తొందరగా రాదు. అంటే నాకు చెప్పని పంపు ఒకటుంది. అదెక్కడుందో తెలియదు. అందుకని తిరగేసి అడిగాను. పటం మీద ప్రతి గడిలోనూ ఒక దొంగపంపు పెట్టి, అది ఇక్కడుంటే బావుల్లో నీటిమట్టం ఎంత ఉండాలని కంప్యూటరును అడుగుతూ పోయాను. నేను చేత్తో కొలిచిన మట్టాలకూ ఆ జవాబుకూ పొంతన కుదరాలి. అన్ని గడుల్లోనూ ఒక్కచోటే కుదిరింది.”

కొండల అంచున ఎర్రటి గుర్తు వెలిగింది.

“బొమ్మ సాక్ష్యం చెప్పదు,” అన్నాడు ఫేదొనాస్. “పైగా దీంతో ఏం మారుతుంది? ఉప్పు సముద్రానిదే కావచ్చు. ముసలాడు పోశాడని లాంబిస్ నమ్మాడు. వచ్చి గొడవపడ్డాడు. ముసలాడు తోశాడు. హత్య హత్యే.”

నిజమే. ఆ మాట లెక్కలో తేలేది కాదు.

ఆర్గీరిస్ ఆ సీసాల వంకే చూస్తున్నాడు.

“మేడం, లాంబిస్ బావి నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటాయి?”

“మేక కూడా మూతి పెట్టదు.”

అతను ఫోను తీసి ఆస్పత్రికి చేశాడు. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరుకు విసుగెక్కువ. “నీళ్ళలో మునిగి చచ్చాడని రాశాను కదా, ఇంకేం కావాలి?” అంది. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పాడు, ప్రాణం మాత్రం నీళ్ళలోనే పోయింది. మునిగేటప్పుడు చాలా నీళ్ళు మింగాడు. కడుపులోంచి తీసిన నీళ్ళు సీసాలో భద్రంగానే ఉన్నాయి.

“అందులో ఉప్పెంతుందో చూసి చెప్పండి డాక్టరుగారూ. నేను లైన్లోనే ఉంటాను.”

ఫేదొనాస్ గడియారం చూసుకున్నాడు. కల్లిర్రోయి సిగరెట్టు చుట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. ఆర్గీరిస్ ఫోను స్పీకరులో పెట్టాడు.

“ఉప్పా?” అంది డాక్టరు కాసేపటికి. “ఏమీ లేదు. కడుపులో మామూలుగా ఉండేదాని కంటే ఏమాత్రం ఎక్కువ లేదు. తాగే నీళ్ళు ఇవి.”

ఆర్గీరిస్ ఫోను పెట్టేశాడు. చాలా రోజుల తర్వాత అతనికి ఆకలి వేసింది.

“ఉప్పుబావిలో మునిగినవాడి కడుపులో మంచినీళ్ళు,” అన్నాడు మెల్లిగా. “లాంబిస్ ఆ బావిలో చావలేదు, ఫేదొనాస్. ఎక్కడో మంచినీళ్ళలో ముంచి, తెచ్చి అందులో పడేశారు. బూటు అందుకే దొరకలేదు. మేడం, ఆ ఊరి చుట్టుపక్కల మనిషి మునిగేంత మంచినీళ్ళు ఇంకా ఎక్కడున్నాయి?”

ఆమె ఎర్రగుర్తు మీద వేలు పెట్టింది.

ఫేదొనాస్ కోటు తీసుకున్నాడు. “ఆరింటిదాకా,” అన్నాడు. “అక్కడేమీ లేకపోతే నీ చేతే ముసలాడి కాగితాలు రాయిస్తాను.”

వాళ్ళు వెళ్ళేసరికి ఊరంతా పడుకుని ఉంది. కిటికీ తలుపులన్నీ మూసి ఉన్నాయి. కొండ కింద ఎర్రగుర్తు ఉన్న చోట రేకుల షెడ్డు ఒకటి కనబడింది. కోళ్ళ ఫారం అని బోర్డు ఉంది. తలుపుకు తాళం. గోడ పొడుగునా పెద్ద ఫ్యాన్లు హోరుమని తిరుగుతున్నాయి.

“ఇదా నీ బావి?” అన్నాడు ఫేదొనాస్. “పద, వెనక్కి పోదాం.”

ఆర్గీరిస్ కదల్లేదు. గాలి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు.

“నీకు ఏమైనా వాసనొస్తోందా?”

“లేదు.”

“ఆగస్టులో, మిట్టమధ్యాహ్నం, కోళ్ళ ఫారం పక్కన నిలబడి వాసన రావడంలేదంటున్నావు.”

ఆర్గీరిస్ ఫ్యాను దగ్గరకు వెళ్ళి చూశాడు. జాలీకి ఒక్క ఈక లేదు. కోళ్ళు లేని ఫారంలో ఇన్ని ఫ్యాన్లు గాలి కోసం కాదు. లోపలి చప్పుడును కప్పడానికి.

బాటకు అవతల పాడుబడ్డ పాత బావి ఉంది. కల్లిర్రోయి అప్పటికే కొలటేపు అందులోకి దింపింది. చివర ఉన్న గుండు నీళ్ళను తాకగానే కీచుమంది. ఆమె టేపు మీద వేలితో గుర్తు పెట్టుకుంది.

అంతలో ట్యాంకరు లారీ ఒకటి వచ్చి ఆగింది. లీనార్దోస్ దిగాడు. తెల్లచొక్కా, మెళ్ళో సన్నటి బంగారు శిలువ, మొహాన నవ్వు. స్తాయికోస్ మీద సాక్ష్యం చెప్పింది ఇతనే. కొండ మీది ఊట నుంచి నీళ్ళు పట్టి తోటలకు అమ్ముకుంటానని లైసెన్సు చూపించే మనిషి.

“ఇన్‌స్పెక్టర్‌గారూ, ఎండలో ఇక్కడేం పని? చల్లగా ఏమైనా తాగుదురుగాని రండి.”

“ఈ ఫారం ఎవరిది?”

“మా అత్తగారిది.”

“ఎన్ని కోళ్ళున్నాయి?”

“ఎనిమిది వేలు.”

“ఒక్కటీ అరవడంలేదే.”

“మధ్యాహ్నం కదా, నిద్రపోతున్నాయి.”

“నిద్రలేపకుండా ఒక గుడ్డు తెచ్చిపెట్టు. ఒక్కటి చాలు. ఇంకేమీ అడగను, వెళ్ళిపోతాం.”

లీనార్దోస్ నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం తాళం వైపు వెళ్ళొచ్చాయి. “తాళంచెవి అత్తగారి దగ్గరుంది. ఆవిడ పాత్రాస్ వెళ్ళింది. అయినా ప్రాసిక్యూటరు ఉత్తర్వు లేకుండా తలుపు తీయమనడం పద్ధతి కాదు. కాదా సార్?” అని ఫేదొనాస్ వైపు తిరిగాడు.

ఫేదొనాస్ పద్ధతుల మనిషి. అవతలివాడు తన సాక్షి కూడా. “కాదు,” అన్నాడు. “ఉత్తర్వు కావాలి.”

ట్యాంకరు మనిషి మొహంలోకి రక్తం తిరిగొచ్చింది.

“ఇన్‌స్పెక్టర్‌గారూ, మీరిద్దరూ ఇటు రండి,” అని బావి దగ్గర నుంచి కల్లిర్రోయి పిలిచింది. “ఇందాక గుండు ఇక్కడ కూసింది. ఇది గుర్తు. ఇప్పుడు చూడండి.”

ఆమె అదే గుర్తు దాకా టేపు దింపింది. కీచు లేదు. ఇంకా వదిలింది. బెత్తెడు టేపు దిగాక గుండు కూసింది.

“మనం మాట్లాడుతుండగానే నీళ్ళు ఇంత దిగాయి. ఈ బావిని వాడేవాళ్ళు లేరు. పక్కన ఇంకో బావి లేదు. ఎక్కడో దగ్గర్లో నేల కింద నుంచి ఎవరో ఇప్పుడు, ఈ నిమిషాన తోడుతున్నారు.”

ఫేదొనాస్ టేపు తన చేతుల్లోకి తీసుకున్నాడు. తనే పైకి లాగి, తనే దింపి చూశాడు. గుండు ఇంకా కాస్త కింద కూసింది. అతను లేచి ప్యాంటు దులుపుకున్నాడు. మోకాళ్ళకు ఎర్రమట్టి అలాగే ఉండిపోయింది.

“నేరం జరిగిపోయాక అయితే ఉత్తర్వు కావాలి,” అన్నాడు లీనార్దోస్‌తో. “దొంగపంపు ఇప్పుడే తిరుగుతోంది. జరుగుతుండగా పట్టుకోవడానికి అక్కర్లేదు.”

జీపులోంచి పెద్ద బోల్టు కట్టరు తెచ్చి తాళం తనే కత్తిరించాడు. తర్వాత పక్కకు వెళ్ళి, నిందితుణ్ణి తీసుకెళ్ళడానికి ఈ ఫారానికి ఇంకో బండి పంపమని స్టేషనుకు ఫోను చేశాడు.

లోపల ఒక్క కోడి లేదు. నేలలోంచి లావుపాటి పైపు పైకి లేచింది. దాని పక్కన మోటారు ఊగిపోతూ తిరుగుతోంది. గది నిండా సిమెంటు తొట్టి. మనిషి లోతు నీళ్ళు, అడుగున రాళ్ళు కనబడేంత తేటగా ఉన్నాయి. కల్లిర్రోయి దోసిటితో ముంచి నోట్లో పోసుకుంది.

“మంచినీళ్ళు,” అంది. లాప్‌టాప్‌లో ఎర్రగుర్తు ఉన్న చోటికీ మోటారుకూ మధ్య ఒక ట్రాక్టరు పట్టేంత దూరం ఉంది. అంతే తేడా. ఊరంతా నవ్విన లెక్క, నేల కింద కంటికి కనబడని బావిని ట్రాక్టరు వెడల్పు తేడాతో పట్టిచ్చింది. ఆమె మోటారు మీద చెయ్యి వేసి ఆ వణుకు అలా చూస్తూ ఉండిపోయింది.

ఆర్గీరిస్ తొట్టి అంచు వెంబడి నడిచాడు. నీళ్ళు బయటికి పోయే చోట ఇనుపజాలీ ఉంది. దానికి ఏదో నల్లగా అడ్డం పడి ఉంది. చొక్కా చేయి పైకి మడిచి నీళ్ళలో చెయ్యి పెట్టాడు. బయటికి వచ్చింది ఎడమకాలి బూటు. ఫేదొనాస్ దాన్ని తీసుకుని అడుగు చూశాడు. ఈతగాళ్ళను దింపి వెతికించిన బూటు జత అతనికి కంఠతా వచ్చు.

“లాంబిస్‌ది,” అన్నాడు.

లీనార్దోస్ ఆ బూటు మీంచి చూపు తిప్పుకున్నాడు.

“నేను ముంచలేదు. వాడే పడ్డాడు. ట్యాంకరు వెంటే సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ఊట ఎండిపోయి రెండేళ్ళయింది, నీకు నీళ్ళెక్కడివి అని అడిగాడు. మాటా మాటా పెరిగింది. ఒక్క తోపు తోశాను, తల అంచుకు తగిలింది.”

“తగిలి నీళ్ళలో పడ్డాక?”

లీనార్దోస్ తల దించుకున్నాడు.

“పడ్డాక ఊపిరి ఉంది,” అన్నాడు ఆర్గీరిస్. “చెయ్యి అందిస్తే బతికేవాడు. నువ్వు నిలబడి చూశావు. తర్వాత ఆ శవాన్ని తీసుకెళ్ళి అతని బావిలోనే పడేశావు. నీ దగ్గర నీళ్ళు కొనుక్కునే ముసలాయన మీదికి తోసేశావు. ఆ ఇద్దరి బావుల్లోకి సముద్రాన్ని పిలిచింది నువ్వే. పిలిచి, దాహానికి నీళ్ళు అమ్మావు.”

ఫేదొనాస్ లీనార్దోస్‌కు సంకెళ్ళు వేశాడు, ఆర్గీరిస్ వాడి ఫోను లాక్కుని జేబులో వేసుకున్నాడు. తర్వాత ఆర్గీరిస్ ఫోనులోంచే స్టేషనుకు చేసి, స్తాయికోస్‌ను వెంటనే వదిలేయమన్నాడు. ముసలాయనకు ఫోను ఇమ్మని ఆర్గీరిస్ అడిగాడు.

“బాబాయ్, నువ్విక ఇంటికెళ్ళొచ్చు.”

“లాంబిస్‌ను పాతిపెట్టేశారా?” అన్నాడు ముసలాయన.

“రేపు.”

“అయితే నన్ను తీసుకెళ్ళడానికి ఎవర్నైనా పంపు. మోసేవాళ్ళలో నేనుండాలి.”

ఆర్గీరిస్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

కల్లిర్రోయి మీట నొక్కి మోటారు ఆపింది. ఫ్యాన్లు కూడా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. ఫేదొనాస్ చెయ్యి చాచాడు. “ఆ పన్నెండేళ్ళ మాట,” అన్నాడు. “జ్యోతిష్యం అన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను.”

ఆమె ఆ చెయ్యి అందుకోబోయి ఆగింది.

“ఆ చప్పుడేమిటి?”

తొట్టిలో ఇంకా నీళ్ళు పడుతున్నాయి.

మోటారు ఆగే ఉంది. నేలలోంచి వచ్చిన పైపులో ధార కూడా ఆగింది. చప్పుడు తొట్టికి అవతలి మూల నుంచి వస్తోంది. అక్కడ గోడలోంచి ఇంకో పైపు మూతి బయటికి వచ్చి ఉంది. అంతే లావు. అందులోంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

కల్లిర్రోయి గబగబా మోటారు మీది రేకుబిళ్ళ చదివింది. “ఇది తోడేది నా లెక్కలో సగం,” అంది. “మోటారు పెద్దదనుకున్నాను. కాదు. ఇంకోటి ఉంది. దగ్గర్లోనే ఉండాలి. రెండూ ఒకేచోట ఉన్నట్టు నాకు కనబడ్డాయి.”

ఆర్గీరిస్ లీనార్దోస్ గడ్డం పట్టి పైకెత్తాడు. “అవతల ఎవరున్నారు?”

లీనార్దోస్ తల అడ్డంగా ఊపాడు. ఇందాక సంకెళ్ళు పడినప్పుడు లేని భయం ఇప్పుడు అతని కళ్ళలో ఉంది. “నన్నడగొద్దు. ఉరి తీసినా చెప్పను.”

అప్పుడు ధార సన్నబడింది. చూస్తుండగానే చుక్కలైంది. ఆగిపోయింది. అవతలి కొసన ఎవరో వాల్వు తిప్పేశారు.

“మనం ఇక్కడున్నట్టు వాళ్ళకు తెలిసిపోయింది,” అన్నాడు ఆర్గీరిస్. “కానీ ఊరంతా పడుకుని ఉంది. బాట మీద మనిషి లేడు. వీడి ఫోను నా దగ్గరుంది. ఎలా తెలిసింది?”

ఫేదొనాస్ మొహం మెల్లిగా పాలిపోయింది. అతను తన చేతిలోని ఫోను వంక చూసుకున్నాడు.

“నేను చేశాను,” అన్నాడు. “బండి కోసం. మన స్టేషనుకి.”

ఆర్గీరిస్ వెళ్ళి షెడ్డు తలుపు లోపలి నుంచి గడియ పెట్టాడు. రమ్మన్న బండి ఏ నిమిషానైనా రావచ్చు. అందులో ఎవరు వస్తారో ఇప్పుడు తెలియదు.

ఫేదొనాస్ తుపాకీ తీసి కిటికీ పక్కకు వెళ్ళాడు. అక్కడి నుంచి, తల తిప్పకుండా అడిగాడు.

“మేడం, ఆ రెండోది ఎక్కడుందో మీ లెక్క చెబుతుందా?”

కల్లిర్రోయి తొట్టి గట్టు మీద కూర్చుని అప్పటికే లాప్‌టాప్ తెరిచింది. మొదటి పంపును దాని చోట పెట్టింది. దాని బలం సరిగ్గా రేకుబిళ్ళ మీద ఉన్నంత రాసింది.

“ఇందాకటి దాకా రెండూ తెలియవు,” అంది. “ఇప్పుడు ఒకటే తెలియదు.”

పటం మీద పొంతన కుదరని గడులు ఒక్కొక్కటే ఆరిపోవడం మొదలుపెట్టాయి.